మంత్రం ఒకటే, అర్థాలు ఎందుకిన్ని?

ఏటా జూన్ 21న యోగా దినోత్సవం దగ్గరపడేసరికి మంత్రాల అర్థాల మీద చర్చ మళ్లీ మొదలవుతుంది. ఆయుష్ శాఖ తయారుచేసిన ఉమ్మడి యోగా ప్రొటోకాల్ ‘సంగచ్ఛధ్వం సంవదధ్వం’ అనే మంత్రంతో ఆరంభమవుతుంది. ఇది యోగసాధన గురించి చెప్పిన మంత్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఋగ్వేదం చిట్టచివరి సూక్తంలోది (10.191). ‘కలిసి నడవండి, కలిసి మాట్లాడండి, మీ మనసులు ఒకటి కావాలి, పూర్వం దేవతలు ఒక్క మాట మీద ఉండి తమ హవిర్భాగాన్ని అందుకున్నట్టు’ అని దాని సారాంశం. సభలో నలుగురి మధ్య ఏకాభిప్రాయం కుదరాలని కోరే మాటలివి. ఆసనాల ఊసు, ప్రాణాయామం ఊసు అందులో లేవు. అలాగని వేలమంది కలిసి ఒకే పని మొదలుపెట్టే చోట దాన్ని చదివితే అతకలేదని కూడా అనలేం.

చిక్కంతా ఇక్కడే ఉంది. మంత్రంలోని మాటలకు ఒక అర్థం ఉంటుంది. ఆ మంత్రాన్ని ఏ పనికి వాడాలో సంప్రదాయం విడిగా నిర్ణయిస్తుంది. దీన్నే వినియోగం అంటారు. భాష్యకారుడు తన దర్శనాన్ని బట్టి చెప్పే తాత్పర్యం మరొకటి. జపం చేసే మనిషి మనసులో పెట్టుకునే భావన ఇంకొకటి. ‘ఈ మంత్రానికి అర్థమేంటి?’ అని అడిగినవాళ్లకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. మిగతా మూడూ తప్పని వాళ్లు అనుకుంటారు.

## మంత్రం అని దేన్ని అంటున్నాం?

సంస్కృతంలో ఉండి పూజలో వినిపించేదల్లా మనకు మంత్రమే. కానీ వాటిలో రకాలున్నాయి. వేదమంత్రానికి ఋషి, ఛందస్సు, దేవత ఉంటాయి, స్వరంతో చదవాలి. ‘ఓం నమో నారాయణాయ’ లాంటివి నామమంత్రాలు: దేవుడి పేరుకు చతుర్థీ విభక్తి, దానికి తోడు నమస్కారం. అర్థంలో దాపరికమేమీ లేదు. హ్రీం, శ్రీం, క్లీం లాంటివి బీజాక్షరాలు. వాటి సంగతి చివర్లో చూద్దాం.

ఇక ఉత్త శ్లోకాలు. దేశవిదేశాల్లోని యోగా క్లాసులలో ముగింపుగా వినిపించే ‘లోకాః సమస్తాః సుఖినో భవంతు’ వేదమంత్రం కాదు, ఒక మంగళశ్లోకంలో నాలుగో పాదం. ‘స్వస్తి ప్రజాభ్యః పరిపాలయంతాం న్యాయ్యేన మార్గేణ మహీం మహీశాః’ అని ఆ శ్లోకం మొదలవుతుంది. ప్రజలకు మేలు జరగాలి, రాజులు న్యాయమార్గంలో భూమిని పాలించాలి, గోవులకూ బ్రాహ్మణులకూ నిత్యం శుభం కలగాలి, ఆ తర్వాత లోకాలన్నీ సుఖంగా ఉండాలి. క్లాసులో మొదటి మూడు పాదాలూ పోయి నాలుగోదే మిగిలింది. రాజ్యం చల్లగా ఉండాలని కోరిన శ్లోకం అలా విశ్వశాంతి వాక్యమైంది. ఒక్క అక్షరం మారలేదు, కత్తిరింపుతోనే అర్థం విస్తరించింది.

## దోసపండు మంత్రం: ఒక్క ‘మా’ దగ్గర వచ్చిన పేచీ

ఒక మంత్రాన్ని దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. మృత్యుంజయ మంత్రం మనలో చాలామందికి నోటికి వచ్చు:

త్ర్యంబకం యజామహే సుగంధిం పుష్టివర్ధనమ్
ఉర్వారుకమివ బంధనాన్ మృత్యోర్ముక్షీయ మామృతాత్

సుగంధం గలవాడూ పుష్టిని పెంచేవాడూ అయిన త్ర్యంబకుణ్ణి యజిస్తున్నాం. ఉర్వారుకం, అంటే దోసపండు, బంధనం నుంచి విడివడినట్టు నేను మృత్యువు నుంచి విడివడాలి. ఇంతవరకు పెద్దగా పేచీ లేదు. పోలిక కూడా ఎంతో చక్కనిది. ఖర్బూజా తీగ మీదే బాగా పండితే తొడిమ చుట్టూ సన్నటి పగులు వస్తుంది, లాగే పని లేకుండా ఊడి చేతికొస్తుంది. పచ్చికాయను తెంపితే తొడిమ ముక్క కాయకే అంటుకుని ఉంటుంది. అంటే కోరిక చావే రాకూడదని కాదు, పండకుండా తెగిపోకూడదని. నాకు నచ్చే అన్వయం ఇదే.

పేచీ చివరి మాట దగ్గర వస్తుంది. ‘మామృతాత్’ను ఎలా విడదీయాలి? ‘మా’ అంటే ‘నన్ను’ అనుకుంటే ‘నన్ను అమృతం నుంచి’ అని వచ్చి అర్థం తలకిందులవుతుంది. ‘మా’ అంటే ‘వద్దు’ అనుకుంటే ‘అమృతం నుంచి మాత్రం వద్దు’ అని. ఇలాంటి అనుమానాలు తీర్చడానికి ఋగ్వేదానికి శాకల్యుడు చేసిన పదపాఠం ఉంది. అందులో ప్రతి మంత్రాన్నీ పదాలుగా విడదీసి చూపించాడు. ఋగ్వేదం మొత్తంలో ఆరే ఆరు మంత్రాలకు మాత్రం అతని పదపాఠం లేదు. వాటిలో ఇదొకటి (7.59.12). మరుత్తుల సూక్తం చివర్లో కొత్తగా చేరిన మంత్రం కావచ్చని పరిశోధకులు అనుమానించడానికి అదొక కారణం.

జవాబు శుక్ల యజుర్వేదంలో దొరుకుతుంది. అక్కడ (3.60) ఇదే మంత్రం పక్కన దాని జంట ఉంది:

త్ర్యంబకం యజామహే సుగంధిం పతివేదనమ్
ఉర్వారుకమివ బంధనాదితో ముక్షీయ మాముతః

ఇది పెళ్లికాని అమ్మాయిలు చదవాల్సినది. పుష్టివర్ధనుడు ఇక్కడ పతివేదనుడయ్యాడు, అంటే మొగుణ్ణి చూసిపెట్టేవాడు. ‘ఇతః ముక్షీయ, మా అముతః’: ఇక్కడి నుంచి విడివడాలి, అక్కడి నుంచి కాదు. ‘ఇక్కడ’ అంటే పుట్టింటివాళ్లు, ‘అక్కడ’ అంటే భర్త అని, యజ్ఞకర్మలను వివరించే శతపథ బ్రాహ్మణమే విప్పి చెప్పింది. ఈ జంటను బట్టి ‘మా’ అంటే ‘నన్ను’ కాదు, ‘వద్దు’ అని తేలిపోతుంది.

ఈ రెండు మంత్రాలూ చదివే సందర్భం కూడా మనం ఊహించేది కాదు. సాకమేధం అనే యాగంలో భాగమైన త్ర్యంబక హోమం అది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పురోడాశాలు (పిండితో చేసే హవిస్సు రొట్టెలు), ఇంకా పుట్టని సంతానం కోసం మరొకటి చేసి, నాలుగు దారులు కలిసే చోట రుద్రుడికి సమర్పిస్తారు. కుటుంబం జోలికి రావద్దని రుద్రుణ్ణి వేడుకునే కర్మ ఇది. ఆస్పత్రిలో ఉన్న మనిషి కోసం ఇవాళ చేయించే మృత్యుంజయ జపం ఆ భావానికి మరీ దూరమేమీ కాదు. ‘ఓం జూం సః’ లాంటి బీజాలు ముందూ వెనకా చేర్చి జపించడం మాత్రం తంత్రశాస్త్రం నుంచి వచ్చిన పద్ధతి.

‘త్ర్యంబకం’ అనగానే మనకు ముక్కంటి గుర్తొస్తాడు. బ్రాహ్మణగ్రంథాలు మాత్రం అంబిక అనే సోదరితో కలిసి భాగం అందుకునేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందంటాయి. సాయణుడు ఋగ్వేద భాష్యంలో బ్రహ్మ, విష్ణు, రుద్రులు ముగ్గురికీ తండ్రి అని రాశాడు. ముగ్గురు తల్లులు గలవాడని ఆధునిక పండితుల్లో కొందరి మాట. ‘మా’ విషయంలో వ్యాకరణం, వినియోగం కలిసి తీర్పు చెప్పేశాయి. ఇక్కడ అలాంటి తీర్పేదీ లేదు.

ఈ ‘మా’ మరో రెండు ప్రసిద్ధ మంత్రాల్లోనూ ఉంది. ‘సహ నావవతు’ చివర వచ్చే ‘మా విద్విషావహై’లో ‘వద్దు’ అనే అర్థమే: మనం ఒకరినొకరు ద్వేషించుకోవద్దు. ‘నౌ’ అన్నది ద్వివచనం. గురువు, శిష్యుడు ఇద్దరే అక్కడ. ‘అసతో మా సద్గమయ’లో మాత్రం ‘మా’ అంటే ‘నన్ను’. బృహదారణ్యకం (1.3.28) ఈ మంత్రాన్ని చెప్పి ఊరుకోకుండా అర్థం కూడా తనే చెప్పింది: అసత్తు అంటే మృత్యువు, సత్తు అంటే అమృతం, తమస్సు అంటే మృత్యువు, జ్యోతి అంటే అమృతం, మూడో వాక్యంలో దాపరికమేమీ లేదు. అబద్ధం నుంచి నిజానికి, అజ్ఞానం నుంచి జ్ఞానానికి అని బడి పుస్తకాల్లో చదివిన అర్థాన్ని ఉపనిషత్తు సొంత వివరణతో పోల్చి చూడండి. మూడు కోరికలూ ఒకటేనని అది అంటోంది.

## గాయత్రి: సందిగ్ధం వ్యాకరణంలోనే

గాయత్రి అనేది అసలు ఛందస్సు పేరు. ఎనిమిదేసి అక్షరాల మూడు పాదాలు, మొత్తం 24. ‘తత్సవితుర్వరేణ్యం’ అక్షరాలు లెక్కపెడితే ఏడే వస్తాయి. ‘వరేణియం’ అని విడదీస్తేనే లెక్క సరిపోతుంది. విశ్వామిత్రుడు ఋషి, సవిత దేవత, ఋగ్వేదం 3.62.10. ముందు వచ్చే ‘భూర్భువస్సువః’ వ్యాహృతులు ఆ ఋక్కులో భాగం కావు. తెలుగువాళ్లలో ఎక్కువమంది అనుసరించే కృష్ణ యజుర్వేద తైత్తిరీయ శాఖ ఉచ్చారణ ‘సువః’. యూట్యూబులో ఉత్తరాది గాయకులు ‘స్వః’ అంటే ఇద్దరిలో ఎవరిది తప్పో అని టెన్షన్ పడక్కర్లేదు. శాఖాభేదం, అంతే.

సవితృదేవుడి వరేణ్యమైన ఆ తేజస్సును ‘ధీమహి’, మన ‘ధియః’ను ప్రేరేపించేవాడు ఎవడో. స్థూలంగా వాక్యం ఇదే. కానీ ‘భర్గః’ (తేజస్సు) నపుంసక లింగం, ‘యః’ (ఎవడు) పుంలింగం. అయితే ప్రేరేపించేది తేజస్సా, సవితా? సాయణుడు రెండు దారులూ చూపించాడు: ‘యః’ సవితను చెబుతుంది, లేదా లింగం మారిందనుకుని తేజస్సుకే అన్వయించుకోవచ్చు. ‘ధియః’ అంటే బుద్ధులనీ, కర్మలనీ రెండర్థాలూ ఇచ్చాడు. ‘ధీమహి’ని సంప్రదాయం ‘ధ్యానిస్తున్నాం’ అంటుంది. ‘ధా’ ధాతువు నుంచి వచ్చిందని చూసే ఆధునిక వేదపండితులు ‘మనదిగా చేసుకోవాలి’ అంటారు. ఇవి గిట్టనివాళ్లు అల్లిన వక్రభాష్యాలు కావు, ఆ వాక్య నిర్మాణంలోనే ఉన్న అవకాశాలు.

## నీళ్ల మంత్రం శనికెలా చేరింది?

నవగ్రహ పూజలో శనికి చదివే మంత్రం ‘శన్నో దేవీరభిష్టయ ఆపో భవంతు పీతయే’. దివ్యజలాలు మాకు సుఖాన్నివ్వాలి, తాగడానికి అనువుగా ఉండాలి అని అర్థం. శని పేరే లేదు. ‘శన్నో’ అన్న శబ్దంలో శని వినిపిస్తాడు, అంతే. బుధుడి మంత్రం ‘ఉద్బుధ్యస్వాగ్నే’ కూడా అంతే. ‘అగ్నీ, మేలుకో’ అనే మాటలో ‘బుధ్’ ధాతువు ఉంది, బుధగ్రహం లేదు.

దీన్ని చూపించి ‘పురోహితులకు అర్థం తెలియక వాడేశారు’ అని ఎద్దేవా చేయడం తేలిక. అయితే ఈ కేటాయింపులు కొత్తవి కావు, యాజ్ఞవల్క్య స్మృతిలోనే ఉన్నాయి. శబ్దసామ్యం కూడా ఒక సంబంధమేనని ఆ కాలపు కర్మకాండ భావించింది. మరోపక్క, చేస్తున్న పనిని మంత్రమే పలికితే యజ్ఞం సమృద్ధమవుతుందని ఐతరేయ బ్రాహ్మణం అంటుంది. అంటే మాటకూ పనికీ పొందిక కుదిరితే మేలని సంప్రదాయమే ఒప్పుకుంది. కుదరని చోట వినియోగానిదే పైచేయి.

## అర్థమే లేదన్న కౌత్సుడు

మంత్రాలకు అర్థం లేదన్న వాదన హేతువాదులు మొన్న లేవదీసిందనుకుంటే పొరపాటు. వేదపదాల అర్థాలు వివరించే ప్రాచీన గ్రంథం నిరుక్తంలోనే యాస్కుడు కౌత్సుడి పేరుతో ఆ వాదనను వినిపించాడు: ‘అనర్థకా హి మంత్రాః’. కౌత్సుడి కారణాలు ఇవాళ్టికీ పదునుగానే ఉన్నాయి. మామూలు వాక్యంలో పదాలు అటూ ఇటూ మార్చినా అర్థం చెడదు, మంత్రంలో ఒక్క పదం కదపకూడదంటారు. అంటే ముఖ్యం శబ్దమేగా! యజ్ఞంలో నరికేటప్పుడు ‘గొడ్డలీ, ఇతణ్ణి హింసించకు’ అనే మంత్రం చదువుతారు. చేసేదేమిటి, చెప్పేదేమిటి? ఒక చోట రుద్రుడు ఒక్కడే అంటారు, మరో చోట భూమి మీద లెక్కలేనన్ని వేల రుద్రులంటారు. (రుద్రం చివరి అనువాకంలో మనం వినే ‘సహస్రాణి సహస్రశో యే రుద్రా అధి భూమ్యామ్’ ఆ రెండో కోవలోదే.) ఇవి కాక ‘అమ్యక్’, ‘జారయాయి’ లాంటి ఎవరికీ అంతుపట్టని మాటలు.

యాస్కుడి జవాబులు సూటిగా ఉంటాయి. పదక్రమం మారనిది లోకంలోనూ ఉంది, ‘పితాపుత్రౌ’ అంటాం గాని తిప్పి అనం. శత్రువులున్న రాజునే శత్రువులు లేనివాడని పొగుడుతాం, అది అబద్ధమూ కాదు, అర్థం లేనిదీ కాదు. కొన్ని మాటలు తెలియడం లేదంటే, ‘గుడ్డివాడు స్తంభాన్ని చూడకపోతే తప్పు స్తంభానిది కాదు.’ ఇదే యాస్కుడు అర్థం తెలియకుండా వేదం వల్లించేవాణ్ణి బరువు మోసే మొద్దు అన్నాడు. నా లెక్కలో గొడ్డలి ఉదాహరణకు మాత్రం కౌత్సుడు పూర్తిగా ఓడిపోలేదు. శాస్త్రోక్తంగా చేసింది హింస కాదన్న సమాధానం శాస్త్రాన్ని ముందే ఒప్పుకున్నవాళ్లకే పనికొస్తుంది.

వేదవాక్యాలనూ యజ్ఞకర్మలనూ విచారించే మీమాంసకులు మధ్యేమార్గం పట్టారు. మంత్రానికి అర్థం ఉంది, దాని పని చేస్తున్న కర్మను గుర్తుచేయడం. దర్భ కోస్తూ ‘బర్హిర్దేవసదనం దామి’ అంటారు: దేవతలు కూర్చునే దర్భను కోస్తున్నాను. మరి ఆ ముక్క తెలుగులో గుర్తుచేసుకుంటే చాలదా? చాలదు, మంత్రంతోనే గుర్తుచేసుకోవాలని నియమం, ఆ నియమం పాటించడం వల్ల కంటికి కనిపించని ఫలం ఉంటుందని వాళ్ల సిద్ధాంతం. 20వ శతాబ్దంలో డచ్ పండితుడు ఫ్రిట్స్ స్టాల్ కేరళలోని పాంజాళ్‌లో 1975లో జరిగిన అగ్నిచయనం అనే వైదిక యజ్ఞాన్ని దగ్గరుండి పరిశీలించి మళ్లీ కౌత్సుడి వైపు మొగ్గాడు. కర్మలో మంత్రం భాషలా పనిచేయదు, పక్షుల పాటకు దగ్గరగా ఉంటుంది, నియమాలుంటాయి గాని అర్థం ఉండదు అన్నాడు. చేసేవాళ్లకు ఆ మాటలు ఏమీ కాకపోతే ఏ మంత్రం ఎక్కడ వాడాలో ఇంత ఆలోచించి ఎందుకు ఎంచారని అతన్ని విమర్శించినవాళ్ల ప్రశ్న.

## స్వరం తప్పితే, మనసు మంచిదైతే

ఉచ్చారణ మీద రెండు సంప్రదాయాలు ఎదురెదురుగా నిలబడతాయి. మొదటిది త్వష్ట కథ. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని ‘ఇంద్రశత్రుర్వర్ధస్వ’ అని హోమం చేశాడు. ఉదాత్తం (ఎత్తి పలికే స్వరం) చివరి అక్షరం మీద పడితే ‘ఇంద్రుణ్ణి చంపేవాడు’, మొదటి అక్షరం మీద పడితే ‘ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు’. అతను రెండోదే పలికాడు. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. ఇక్కడ పలికినవాడి ఉద్దేశం ఎందుకూ కొరగాలేదు. నోట్లోంచి వచ్చిందే చెల్లింది.

రెండోది ‘మూర్ఖో వదతి విష్ణాయ’ అనే శ్లోకం. తెలియనివాడు వ్యాకరణం తప్పి ‘విష్ణాయ’ అంటాడు, తెలిసినవాడు ‘విష్ణవే’ అంటాడు, ఇద్దరికీ ఫలం ఒకటే, ఎందుకంటే జనార్దనుడు భావగ్రాహి. ఈ రెండింటినీ ఒకే సూత్రం కింద ఇమడ్చాలని చూస్తే కుదరదు. ఒకటి శ్రౌతకర్మ (వేదోక్త యజ్ఞం) లోకం, రెండోది భక్తి లోకం. రుద్రాభిషేకం చేయించేటప్పుడు స్వరం పట్టించుకునే మనిషే నామజపంలో భావం చాలంటాడు. అందులో కపటమేమీ లేదు, అవి రెండు వేర్వేరు పద్ధతులు.

## లం, రం, సోఽహం: అర్థం ఇచ్చిపుచ్చుకునే చోటు

లలితా సహస్రనామం చదివే ఇళ్లలో ‘లం పృథివ్యాత్మికాయై గంధం సమర్పయామి’ అంటూ పంచపూజ చేస్తారు. లం పృథివి, వం జలం, రం అగ్ని, యం వాయువు, హం ఆకాశం. యోగా క్లాసులో మూలాధారం నుంచి విశుద్ధి దాకా చక్రాలకు చెప్పేవి కూడా ఈ అక్షరాలే. నిఘంటువులో ‘లం’ అంటే భూమి అని వెతికితే దొరకదు. ఇవి సంకేతాలు. ఫలానా అక్షరాన్ని ఫలానా తత్త్వానికి గుర్తుగా శాస్త్రం పెట్టుకుంది, ఉపదేశంతో అది శిష్యుడికి చేరుతుంది. అందుకే ఒకే బీజానికి వేర్వేరు తంత్రాలు వేర్వేరు వివరణలు ఇవ్వగలవు. బీజానికి అర్థం లేదన్నా సగం నిజమే, ఉందన్నా సగం నిజమే.

‘సోఽహం’ది ఇంకో తీరు. ‘అతడే నేను’ అనే స్పష్టమైన వాక్యం, ఈశావాస్యంలో ‘సోఽహమస్మి’ అని వస్తుంది. హఠయోగులు దీన్నే ఊపిరి చప్పుడులో విన్నారు: లోపలికి ‘స’, బయటికి ‘హ’. రోజుకు 21,600 సార్లు మనిషి తెలియకుండానే ఈ జపం చేస్తాడని అంటారు. లెక్క వేసి చూస్తే నిమిషానికి 15 శ్వాసలు, రోజుకు 1,440 నిమిషాలు, గుణిస్తే సరిగ్గా 21,600. కుదురుగా ఉన్న మనిషి ఊపిరికి ఇది దగ్గర సంఖ్యే.

## సెకనుకు 1,10,000 తరంగాలు?

గాయత్రి చదివితే సెకనుకు 1,10,000 ధ్వని తరంగాలు పుడతాయని, ఓ విదేశీ శాస్త్రవేత్త ప్రయోగశాలలో తేల్చాడని వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. మనిషి చెవి వినగలిగేది సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే. మంత్రం లక్షా పదివేల దగ్గర మోగితే పక్కన కూర్చున్నవాళ్లకే వినపడదు.

కొలిచిన సంగతులూ లేకపోలేదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మరియమ్మ జపమాల ప్రార్థనను, ‘ఓం మణిపద్మే హూం’ మంత్రాన్ని చదివించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు నెమ్మదించింది, గుండె లయల్లోనూ రక్తపోటును సర్దే ప్రతిచర్యలోనూ ఒకే రకమైన మార్పు కనిపించింది. మతం వేరు, భాష వేరు, మాటల అర్థం వేరు. కలిసింది ఒక్కో ఆవృత్తి పట్టే సమయం, అంటే దాదాపు పది సెకన్లు. మంత్రం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఈ ఫలితం కొంత జవాబిస్తుంది. ‘మామృతాత్’ను ఎలా విడదీయాలన్నది మాత్రం దాని పరిధిలో లేదు, దానికి శుక్ల యజుర్వేదం దగ్గరికే వెళ్లాలి.